ఫీజు కట్టే ముందు వెర్షన్ అడగండి

సంపాదకుల గారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ చదువుల పేజీలో వెబ్‌సైట్ల పని నేర్చుకోవాలనుకునే పిల్లల కోసం ఒక వ్యాసం వేశారు. కోడింగ్ రాకపోయినా పర్లేదు, సీఎంఎస్ (వెబ్‌సైట్‌ను కట్టి నడిపే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్) ఒకటి నేర్చుకుంటే చాలు, మంచి కోచింగ్ సెంటర్ చూసుకుని చేరిపోండి అని అందులో ఉంది. అది చదివి పేపరు మడిచి పక్కన పెట్టాను, రాయాలని అప్పుడు అనుకోలేదు. మరుసటి ఆదివారం మా అక్క కొడుకు లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని కె.ఆర్.పురంలో మా ఇంటికి వచ్చాడు. ఆ పూట జరిగింది చూశాక రాయకుండా ఉండలేకపోయాను. కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి.

వాడిది హిందూపురం. బీటెక్ అయ్యాక అందరిలాగే బెంగళూరు రైలెక్కి, మారతహళ్లిలో పీజీలో దిగి, ఒక కోచింగ్ సెంటర్‌లో డ్రూపల్ అనే సీఎంఎస్ కోర్సులో చేరాడు. ఫీజు 35 వేలు, మా అక్క చీటీ పాడి పంపిన డబ్బు. చేరి నెలన్నర అయింది, అందులో రెండు వారాలుగా ఒకే దగ్గర ఇరుక్కుపోయాడు. వాడు రాసిన మాడ్యూల్, అంటే డ్రూపల్‌కు కొత్త పని నేర్పే చిన్న కోడ్ ముక్క, సైట్‌లో కనిపించడం లేదు. మాడ్యూళ్లన్నీ వరసగా కనిపించే ఎక్స్‌టెండ్ పేజీ ఒకటుంటుంది, దాంట్లో వీడిది ఎంత వెతికినా లేదు. "పిన్నమ్మా, సార్ చెప్పినట్టే చేసినా. క్లాసులో ఎవరికీ రాలేదు. సార్‌ని అడిగితే మీ లాప్‌టాప్‌లోనే ఏదో ప్రాబ్లం అంటున్నాడు. నాకు ఈ ఫీల్డ్ సెట్ కాదేమో" అన్నాడు, తల వంచుకుని.

ఉప్మా ప్లేటు పక్కన పెట్టి ఫోల్డర్ తెరిచి చూశాను. మాడ్యూల్ గురించి చెప్పే ఫైలు పేరు చివర 'డాట్ ఇన్ఫో' అని ఉంది. లోపల కోర్ (డ్రూపల్ అసలు భాగం) ఎదురుగా 7.ఎక్స్ అని ఉంది. వాడి లాప్‌టాప్‌లో ఉన్నది డ్రూపల్ 11.

అర్థమైందా అండీ? అది డ్రూపల్ 7 నాటి పద్ధతి. డ్రూపల్ 7 వచ్చింది 2011 జనవరిలో. 2015 నవంబరులో డ్రూపల్ 8 వచ్చినప్పుడు లోపల సగానికి సగం మార్చేశారు, సిమ్‌ఫనీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ భాగాలు తెచ్చి కలిపారు, ఇన్ఫో ఫైలు కాస్తా 'డాట్ ఇన్ఫో డాట్ వైఎమ్ఎల్' అయింది. 7 వెర్షన్‌కు 2025 జనవరి 5తో సపోర్ట్ కూడా ఆపేశారు. ఇక డ్రూపల్ 11కి ఆ పాత ఫైలు కంటికి ఆనదు. తప్పు రాశావని ఎర్రర్ కూడా ఇవ్వదు, అసలక్కడ మాడ్యూల్ ఉన్నట్టే లెక్కలోకి తీసుకోదు. పిల్లవాడికి తన తప్పేంటో తెలిసే దారే లేదు. తప్పు వాడిది కూడా కాదు. ఎప్పుడో తయారు చేసుకున్న నోట్సునే జిరాక్సులు తీసి ఇస్తున్నారు, పై కవరు మీద మాత్రం కొత్త వెర్షన్ నంబరు వేశారు.

ఫైలు పేరు మార్చమని, లోపల నాలుగు వరుసలు వాడి చేతే టైపు చేయించాను. మాడ్యూల్ పేరు, టైప్ దగ్గర మాడ్యూల్ అని, ఒక వరుస వివరణ, కోర్ వెర్షన్ రిక్వైర్‌మెంట్ దగ్గర టోపీ గుర్తు పెట్టి 11. అంతే. మొదటిసారి సేవ్ చేస్తే ఎర్రర్ వచ్చింది, కోలన్ తర్వాత స్పేస్ వదలలేదు. ఆ ఎర్రర్ చూసి నాకైతే సంతోషం వేసింది, కనీసం ఫైలును చదువుతోందని తెలిసింది కదా. స్పేస్ పెట్టి పేజీ రిఫ్రెష్ చేస్తే జాబితాలో వచ్చి కూర్చుంది. ఇంకా ఏ పనీ చేయని ఖాళీ మాడ్యూలే, అయినా టిక్ పెట్టి ఇన్‌స్టాల్ నొక్కితే ఇన్‌స్టాల్ అయింది. రెండు వారాల టెన్షన్ పది నిమిషాల్లో పోయింది. వాడు ఉప్మా రెండోసారి పెట్టించుకున్నాడు.

నేను పద్నాలుగేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. నేను నేర్చుకున్నదీ డ్రూపల్ 7 మీదే, దాని మీద నాకేం కోపం లేదు. కానీ మీ వ్యాసంలో 'కోడింగ్ రాకపోయినా పర్లేదు' అన్న మాట సగమే నిజం. మౌస్‌తో నొక్కుతూ పోతే సైట్ తయారవుతుంది, నిజమే, వేల కొద్దీ రెడీమేడ్ మాడ్యూళ్లు ఉచితంగా దొరుకుతాయి. అయితే వచ్చిన ప్రతి క్లయింటూ మూడో రోజుకల్లా రెడీమేడ్‌లో లేనిది ఒకటి అడుగుతాడు. అక్కడ చేతులెత్తేసేవాడికి ఒక జీతం, చిన్న మాడ్యూల్ రాసిచ్చేవాడికి ఇంకో జీతం. ఆ రాయడం మొదలుపెట్టడానికి 35 వేలు అక్కర్లేదు, ఇంట్లో కూర్చుని మొదలుపెట్టొచ్చు. మీ పేపరు చదివే తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియాలనే ఈ ఉత్తరం.

ఖాళీ మాడ్యూల్ తర్వాత చేయాల్సింది సొంత పేజీ. సైట్ అడ్రసు చివర స్లాష్ నమస్తే అని కొడితే నమస్తే అని కనబడాలి, అంతకు మించి ఆశపడొద్దు. దానికి రెండు ఫైళ్లు కావాలి. రౌటింగ్ ఫైల్లో ఈ దారిన వచ్చినవాళ్లను ఏ క్లాసు (ఒక పని చేసే కోడ్ కట్ట) దగ్గరికి పంపాలి, పేజీ పేరేంటి, చూసే అనుమతి ఎవరికి అని రాస్తాం. అనుమతి సంగతి రాయడం మర్చిపోతే అందరికీ తెరిచి ఉంటుందనుకుంటారు పిల్లలు, కాదు, అందరికీ మూసుకుపోతుంది. ఈ ఫైల్లో ట్యాబ్ నొక్కకూడదు, స్పేసులే వాడాలి. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఈ ఒక్క ముక్క ముందే ఎవరూ చెప్పక ఎంతమంది రాత్రిళ్లు నిద్ర పాడుచేసుకున్నారో. రెండో ఫైలు కంట్రోలర్, అది పీహెచ్‌పీ (డ్రూపల్‌ను రాసిన కోడింగ్ భాష) క్లాసు, 'ఎస్ఆర్‌సీ' ఫోల్డర్‌లో 'కంట్రోలర్' ఫోల్డర్‌లో ఉండాలి.

ఆ కంట్రోలర్ ఫోల్డర్‌తో నా కథ ఒకటుంది. డ్రూపల్ 8 కొత్తగా వచ్చిన రోజుల్లో, అప్పటి ఆఫీసులో, ఆ ఫోల్డర్ పేరు చిన్న 'సి'తో పెట్టాను. నా విండోస్ లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడిచింది, విండోస్‌కు పెద్ద సి అయినా చిన్న సి అయినా ఒకటే. శుక్రవారం సాయంత్రం క్లయింటు సర్వర్‌లో పెట్టి, బ్యాగు సర్దుకుని బస్సెక్కేశాను. సర్వర్ లైనక్స్. దానికి పెద్ద సి వేరు, చిన్న సి వేరు. క్లాసు పేరును బట్టే ఫైలు ఎక్కడుందో వెతుక్కునే పద్ధతి కదా, పేరులో ఒక్క అక్షరం చిన్నదైతే దానికి అది వేరే ఊరే. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఉండగా మేనేజర్ ఫోను, పేజీ మొత్తం ఎర్రర్ అని. దిగిపోయి, అవతలి వైపు బస్సెక్కి ఆఫీసుకు వెనక్కి వెళ్లి, ఒక్క అక్షరం పెద్దది చేసి, ఇంటికి వచ్చేసరికి పదకొండు దాటింది. మా అత్తగారు అన్నం గిన్నె మీద మూత పెట్టి పడుకున్నారు.

ఇక హుక్ అనే మాట వినగానే పిల్లలు జడుసుకుంటారు. మన పెళ్లి తలుచుకోండి. పురోహితుడు ఒక ఘట్టం రాగానే "పెళ్లికూతురి మేనమామ ఎక్కడండీ, గంప ఎత్తుకు రండి" అని కేకేస్తాడు. ఆ మేనమామ పేరేంటో, ఏ ఊరివాడో ఆయనకు తెలియనక్కర్లేదు. ఆ వరసైనవాడు లేచి వస్తాడు, తన పని చేసి పక్కకు తప్పుకుంటాడు, పెళ్లి ముందుకు నడుస్తుంది. డ్రూపల్ కోర్ కూడా సరిగ్గా అలాగే చేస్తుంది. ఒక ఫారం తయారు చేసి తెరమీద పెట్టే ముందు, దీన్ని మార్చాల్సినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని కేకేస్తుంది. మీ మాడ్యూల్ పేరు, అండర్‌స్కోర్, ఫారం ఆల్టర్ అని పేరున్న ఫంక్షన్ (పేరు పెట్టిన కోడ్ ముక్క) ఉంటే దాన్ని పిలిచి ఫారం చేతిలో పెడుతుంది, హుక్ అంటే ఇదే. ఫోన్ నంబరు తప్పనిసరి చేస్తారో, బటన్ మీది మాట తెలుగులోకి మారుస్తారో మీ ఇష్టం. పేరులో అక్షరం తేడా వస్తే మాత్రం వరస కలవనట్టే, పిలవదు, ఎందుకు పిలవలేదో చెప్పదు. 11.1 వెర్షన్ నుంచి దీన్నే క్లాసులో ఒక గుర్తు తగిలించి రాసే కొత్త పద్ధతి వచ్చింది, పాతదీ నడుస్తోంది. మొదట పాతది ఒకసారి రాసి చూస్తే కొత్తది ఎందుకొచ్చిందో తెలుస్తుందని నా అభిప్రాయం.

(అక్షరం తేడా అంటే గుర్తొచ్చింది. డ్రూపల్ పేరే అలా పుట్టింది. దీన్ని రాసిన బెల్జియం కుర్రాడు డ్రీస్ బ్యూటర్ట్ అప్పుడు కాలేజీ విద్యార్థి. 'డార్ప్' అంటే డచ్చి భాషలో పల్లెటూరు, ఆ పేరుతో వెబ్ అడ్రసు దొరుకుతుందేమో చూద్దామని టైపు చేయబోయి 'డ్రాప్' అని కొట్టాడు. బాగానే ఉందని దాన్నే ఉంచేసుకున్నాడు. తర్వాత చుక్క అనే అర్థమున్న డచ్చి మాట నుంచి సాఫ్ట్‌వేర్‌కు డ్రూపల్ అని పేరు పెట్టి 2001 జనవరిలో అందరికీ ఉచితంగా వదిలాడు. ఆయన తప్పు కొడితే పేరొచ్చింది, మనం తప్పు కొడితే రెండు వారాలు పోతాయి.)

ఇన్ని తిప్పలు ఎందుకు, కోర్ ఫైళ్లలోనే నేరుగా రెండు వరుసలు మార్చేస్తే పోదా అని మావాడు అడిగాడు. మార్చొచ్చు, పని కూడా చేస్తుంది. వచ్చే నెల సెక్యూరిటీ అప్‌డేట్ వేయగానే మీరు రాసిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. తుడిచిపెట్టుకుపోతుందన్న భయంతో అప్‌డేటే వేయకుండా కూర్చున్న సైట్లను చూశాను, అది ఇంకా ఘోరం.

కాష్ (సైట్ త్వరగా తెరుచుకోవడానికి డ్రూపల్ దాచుకునే కాపీ) గురించి చెప్పకపోతే మాత్రం ఈ ఉత్తరం రాసి ప్రయోజనం లేదు. కోడ్ మార్చి సేవ్ చేసి రిఫ్రెష్ కొట్టినా పాతదే కనిపిస్తుంటే ముందు కాష్ క్లియర్ చేయండి, కమాండ్లతో డ్రూపల్‌ను నడిపే డ్రష్ అనే పనిముట్టు ఉంటే 'డ్రష్ సీఆర్' అని కొడితే సరి. ఇది అందరూ చెబుతారు. చెప్పనిది ఇంకోటుంది.

మా కాలనీలో తెలుగు వాళ్లం కలిసి పెట్టుకున్న సంఘానికి ఒక సైట్ ఉంది, ఊరికే చేసిపెట్టాను. దాంట్లో ఈ రోజు తిథి చూపించే చిన్న బ్లాక్ కావాలన్నారు. ఉగాదికి పంచాంగం ముందు పెట్టుకుని, ఏడాది తిథులన్నీ ఒక టేబుల్లోకి ఎక్కించి, మాడ్యూల్ రాసి పెట్టాను. లాగిన్ అయి చూసుకుంటే రోజూ సరిగ్గా మారుతోంది. ఒకరోజు పొద్దున్నే సంఘంలో పెద్దాయన ఫోన్ చేశారు. "అమ్మా, క్యాలెండర్లో ఏకాదశి అని ఉంది, మీ సైట్లో ఇంకా నవమి దగ్గరే ఉంది. ఇంతకీ నేను ఉపవాసం ఉండాలా, ఇడ్లీ తినాలా?" నా తెర మీద చూస్తే ఏకాదశే ఉంది. అరగంట జుట్టు పీక్కున్నాక లాగ్ అవుట్ చేసి చూశాను. నవమి!

సంగతేంటంటే, లాగిన్ కాని వాళ్ల కోసం డ్రూపల్ పేజీ మొత్తాన్ని ఒక కాపీ తీసి పెట్టుకుంటుంది, మళ్లీ ఎవరొచ్చినా అదే కాపీ ఇస్తుంది. బ్లాక్‌లో నేను 'దీన్ని దాచొద్దు' అని రాసిన మాట ఆ పేజీ కాపీ దాకా చేరదు. చివరికి తిథి బ్లాక్‌కు ఒక కాష్ ట్యాగ్ (ఏ కాపీ దేనిదో చెప్పే చీటీ) తగిలించి, అర్ధరాత్రి దాటాక క్రాన్ (వేళకు దానంతటదే నడిచే పని) నడిచినప్పుడు ఆ ట్యాగ్ చెల్లదని చెప్పే నాలుగు వరుసలు రాస్తే సర్దుకుంది. కాబట్టి కొత్తగా రాసేవాళ్లు ఏది రాసినా లాగిన్ కాకుండా వేరే బ్రౌజర్‌లో ఒకసారి చూడండి. (పెద్దాయన ఆ రోజు ఇడ్లీ తిన్నారట, పాపం నా ఖాతాలోనే.)

తెలుగు వాళ్లుగా మనం గట్టిగా పట్టించుకోవాల్సింది ఇంకోటి. తెర మీద కనిపించే ప్రతి మాటనూ 'టీ' అనే ఒక్కక్షరం ఫంక్షన్‌లో పెట్టి రాయాలి, అప్పుడే అది తర్వాత ఏ భాషలోకైనా మారుతుంది. అందులోనూ ముక్కలు అతికించొద్దు. 'సబ్మిటెడ్ బై' అని ఒక ముక్క, దాని పక్కన పేరు, తర్వాత 'ఆన్' అని ఒక ముక్క, ఆ పక్కన తేదీ, ఇలా అతికిస్తే ఇంగ్లిష్‌లో చక్కగా కనిపిస్తుంది. తెలుగులోకి తిప్పేవాడు ఏం చేయాలి? మనకు తేదీ ముందు, పేరు తర్వాత, క్రియ చివర రావాలి, 'ఫలానా తేదీన ఫలానా వారు పంపినది' అని. ముక్కలుగా ఇస్తే వరస మార్చే వీలే ఉండదు. మొత్తం వాక్యాన్ని ఒకటిగా ఇచ్చి, పేరు, తేదీ వచ్చే చోట ఎట్ గుర్తుతో ఖాళీలు వదిలితే తెలుగువాడు తనకు కావాల్సిన చోట పెట్టుకుంటాడు. ప్రభుత్వ సైట్లలో, బ్యాంకు సైట్లలో తెలుగు బటన్ నొక్కితే తలకిందులుగా వచ్చే వాక్యాలు చూసి మనం నవ్వుకుంటాం కదా, వాటిలో చాలావాటికి తప్పు అనువాదం చేసినవాడిది కాదు, ముక్కలు అతికించిన మాడ్యూల్‌ది. మన పిల్లలు రాసేటప్పుడైనా ఇది గుర్తుంటే బాగుంటుంది.

ఎట్ గుర్తుతో వదిలిన ఖాళీకి ఇంకో లాభముంది. ఎవడైనా తన పేరు స్థానంలో కొంటె కోడ్ రాసి పంపితే దాన్ని నడవనివ్వకుండా మామూలు అక్షరాలుగా మార్చి చూపిస్తుంది. బయటి నుంచి వచ్చిన దేన్నీ నమ్మొద్దు, డేటాబేస్‌కు పంపే వాక్యంలో నేరుగా అతికించొద్దు. 2014 అక్టోబరు 15న డ్రూపల్ 7 కోర్‌లోనే, డేటాబేస్ భాగంలో పెద్ద లోపం బయటపడి ప్యాచ్ ఇచ్చారు. ఏడు గంటల లోపల ప్యాచ్ వేయకపోతే మీ సైట్‌లోకి ఎవరో చొరబడ్డారనే అనుకోండి అని ఆ నెలాఖరులో సెక్యూరిటీ టీమే ప్రకటించింది. అంతమంది కళ్లేసుకుని చూసే కోర్‌లోనే అలా జరిగితే, ఒక్కరే రాసి ఒక్కరే చూసుకునే మాడ్యూల్ సంగతి చెప్పాలా.

సామాను గురించి రెండు ముక్కలు. డ్రూపల్‌కు, దాని కింద నడిచే పీహెచ్‌పీకి పైసా కట్టక్కర్లేదు. డ్రూపల్ 11కి పీహెచ్‌పీ 8.3 కావాలి, కావాల్సిన పీహెచ్‌పీ సామాను తెచ్చిపెట్టే కంపోజర్ కావాలి. లాప్‌టాప్‌లో బలముంటే డీడెవ్ (లాప్‌టాప్‌లోనే సైట్ నడిపే పనిముట్టు) పెట్టుకోండి. పాత లాప్‌టాప్ అయితే డ్రూపల్‌లోనే క్విక్ స్టార్ట్ అని ఒక కమాండ్ ఉంది, వేరే డేటాబేస్, సర్వర్ ఏవీ అక్కర్లేకుండా నేర్చుకునేంత వరకు సైట్‌ను నిలబెడుతుంది. డెవలపర్ల కోసం ఎగ్జాంపుల్స్ అనే మాడ్యూల్ ఉచితంగా ఉంది, ఒక్కో పనికి ఒక్కో చిన్న నమూనా, నా దృష్టిలో ఏ కోర్సు నోట్సు కన్నా నయం. డ్రష్‌ను అడిగితే మాడ్యూల్ ఫైళ్లన్నీ అదే పుట్టించి ఇస్తుంది, కానీ మొదటి రెండు మాడ్యూళ్లు చేత్తోనే టైపు చేయాలని మావాడికి గట్టిగా చెప్పాను. ఏఐని అడగొద్దా అన్నాడు. అడుగు, కానీ అదీ ఒక్కోసారి మీ సార్ లాగే చేస్తుంది. నాకొకసారి మెసేజ్ చూపించడానికి 'డ్రూపల్ సెట్ మెసేజ్' అనే ఫంక్షన్ రాసిచ్చింది. అది డ్రూపల్ 9లోనే తీసేసిన ఫంక్షన్. తెలియనివాడు ఆ ఎర్రర్ పట్టుకుని మళ్లీ రెండు వారాలు కూర్చుంటాడు.

తల్లిదండ్రులకు నా మనవి: ఫీజు కట్టే ముందు పిల్లవాడి చేత మూడు మాటలు అడిగించండి. ఏ వెర్షన్ చెబుతారు? 7 అంటే లేచి వచ్చేయండి. మొదటి వారంలో నా చేత ఏం రాయిస్తారు? స్లైడ్లు చూపిస్తాం అంటే ఆలోచించండి. కంపోజర్ వాడతారా, జిప్ ఫైళ్లు కాపీ చేయిస్తారా? ఈ మూడింటికి జవాబు సరిగ్గా చెప్పే కోచింగ్ సెంటర్లూ ఈ ఊళ్లో ఉన్నాయి, అన్నిటినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. మా అక్క కొడుకు డబ్బు వెనక్కి అడిగాడు, రూల్ లేదన్నారు. పోనీలే అని ఊరుకున్నాం. ఊరుకోకూడదని మా ఆయన అంటారు.

మీకు నా మనవి ఒకటే. ఆ పేజీలో కోర్సుల పేర్లు, జీతాల అంకెలు వేసే చోటే వారానికో చిన్న డబ్బా కట్టి, ఇలాంటి చిన్న చిన్న సంగతులు, ట్యాబ్ వద్దు స్పేస్ పెట్టు లాంటివి, మన భాషలో వేయండి. రాసేవాళ్లు దొరకరంటారా, ఒక్క వైట్‌ఫీల్డ్‌లోనే కావలసినంతమంది తెలుగు వాళ్లున్నాం. నేనూ రాస్తాను, డబ్బులేం ఇవ్వక్కర్లేదు, సగం కోసేయకుండా వేస్తే చాలు.

మావాడు ఇప్పుడు వాళ్ల పీజీ కోసం మాడ్యూల్ రాస్తున్నాడు. రాత్రి భోజనానికి ఉంటారా లేదా అని సాయంత్రం ఐదు లోపల టిక్ పెట్టే చిన్న ఫారం, వంట మాస్టర్‌కు ఎంతమందో చూపించే ఒక పేజీ. మొన్న శనివారం 31 మంది టిక్ పెడితే 40 మంది తిన్నారట. అది కోడ్ తప్పు కాదని ఓనరుకు ఎలా చెప్పాలి పిన్నమ్మా అని నిన్న రాత్రి ఫోన్ చేశాడు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కె.ఆర్.పురం, బెంగళూరు